పియానో పనివారి మహాసభలను గూర్చి

ఒక వృత్తియందున్నవారు ఏటికొకమారు ఒకచోట గూడి తమ పనిని గూర్చి ముచ్చటించుకొనుట మనకు క్రొత్త కాదు. వైద్యులు సభలు చేసికొందురు, న్యాయవాదులు చేసికొందురు, ఉపాధ్యాయులును చేసికొందురు. కాని పియానోలను శ్రుతిచేసి బాగుచేయు పనివారలు సయితము ఇట్టి మహాసభలు జరుపుకొందురనియు, అందు పాఠములు, పరీక్షలు, ప్రదర్శనములు నుండుననియు చెప్పినచో మా చదువరులలో కొందరు నవ్వుదురేమో. తీగెలు బిగించువానికి మహాసభ యేల? సుత్తియు సూదియు పట్టువానికి ఉపన్యాసములేల? అను ప్రశ్న సహజముగనే పుట్టును. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటయే ఈ వ్యాసము వ్రాయుటలో మా యుద్దేశము. అట్టి సభకు పోవుట దుబారా కాదనియు, చేతిపనిని నమ్మి జీవించువాడు చేయదగిన మంచి వ్యయములలో నదియొకటి యనియు, ఆ వ్యయములో కొంత భాగమును పని చేయించుకొనువారు భరించుట న్యాయమనియు మా యభిప్రాయము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పియానో టెక్నీషియన్స్ గిల్డ్ అను సంఘము కలదు. అంతకుముందు వేర్వేరుగ నుండిన రెండు సంఘములు 1957వ సంవత్సరమున ఏకమగుటచేత నిది యేర్పడినది. ఆ దేశమున పట్టణపట్టణమునను దీనికి శాఖలున్నవి. సభ్యులు తమ ఊరి శాఖలో తరచుగ గూడుకొందురు. సంఘము తన వృత్తిని గూర్చిన పత్రిక నొకదానిని ప్రకటించును. ఏటికొకమారు మహాసభ జరుగును. మహాసభ ప్రతి సంవత్సరమును ఒకే ఊర జరుగదు. నేడొక దిక్కున, మరియొక యేడు వేరొక దిక్కున ఏదో యొక పెద్ద పట్టణమున జరుగును. ఇందువలన ఒకే ప్రాంతమువారికి దారి ఖర్చు తగ్గి, దూరపువారికి ఎల్లప్పుడును ఎక్కువగుట యను నన్యాయము కొంత తగ్గుచున్నది.

ఈ సంఘము పుట్టిన కాలము పియానోకు మంచి కాలము కాదు. 1909వ సంవత్సరమున అమెరికాలో ఒక్క యేటిలోనే మూడున్నర లక్షలకు మించి పియానోలు తయారైనవి. తరువాత గ్రామఫోను వచ్చెను, రేడియో వచ్చెను, 1929 తరువాత వర్తకమంతయు కుదేలయ్యెను. ఇంట నొక పియానో యుండుట గౌరవచిహ్నముగ నెంచిన కుటుంబములు ఆ స్థానమున రేడియో పెట్టెను నిలిపినవి. పని తగ్గినపుడు పనివారు ఒకరినొకరు త్రోసికొందురని లోకము తలచును. ఈ పనివారు చేసినది వేరు. పని తగ్గినకొలది పని బాగుగ జేయవలెననియు, బాగుగ జేయుట యెట్లో ఒకరివలన నొకరు నేర్చుకొనవలెననియు వారు నిశ్చయించుకొనిరి. ఇది మన చేతిపనులవారందరును ఆలోచింపదగిన మాట.

ఇక ఈ పనియెట్టిదో కొంచెము తెలిసికొనవలయును; లేనియెడల సభయొక్క యావశ్యకత బోధపడదు. పియానోను ఇటలీదేశపు ఫ్లారెన్సు నగరమున బార్తలోమియో క్రిస్తోఫోరి యను పనివాడు 1700 ప్రాంతమున కల్పించెను. ఆయన చేసినవాటిలో మూడు వాద్యములు నేటికిని నిలిచియున్నవి. నేటి పియానోకు 88 మెట్లు. వాటికి సుమారు 230 తీగెలు. మంద్రస్థాయి చివరనున్న స్వరమునకు ఒక్కొక్క తీగె, దానిపైని రెండేసి తీగెలు, మధ్యస్థాయి మొదలుకొని మూడేసి తీగెలు. ఒక్కొక తీగెయందలి బిగువు సుమారు 70 మొదలు 90 కిలోగ్రాములు. అన్నిటి బిగువును కలిపిన 15 మొదలు 20 టన్నుల వరకు నగును. ఇంత లాగుడును ఓర్చుటకై లోపల పోతయినుప చట్ర ముంచుదురు. అట్టి చట్రమునకు బోస్టను నగరవాసియగు ఆల్ఫియస్ బాబ్‌కాక్ 1825లో పేటెంటు పొందెను. ఆ చట్రము క్రింద పలుచని కొయ్యపలక యుండును. వాద్యముయొక్క కంఠమంతయు నా పలకయే. కొయ్య గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, ఎండినపుడు ముడుచుకొనును. అందుచేత వానకాలమున శ్రుతి హెచ్చును, పొడికాలమున తగ్గును. ఒకమారు శ్రుతిచేసిన పియానో శాశ్వతముగ నట్లే యుండునని యెవరైన తలచినచో అది కొయ్యయొక్క స్వభావము తెలియమిచేతనే.

వీణకు బిరడలున్నట్లు ఈ తీగెలకు ఉక్కు మేకులు కలవు. వాటిని పిడితో త్రిప్పి శ్రుతిచేయుదురు. త్రిప్పుట సులభమే, ఎక్కడ నాపవలెనో తెలియుట కష్టము. రెండు తీగెలు ఇంచుమించుగ ఒకే శ్రుతిలో నున్నపుడు ధ్వని అలవలె లేచి పడుచు వినబడును. దీనిని శాస్త్రజ్ఞులు విస్పందనమందురు. ఒక తీగె సెకనుకు 440 మారులును, రెండవది 442 మారులును కంపించినచో సెకనుకు రెండు విస్పందనములు వినబడును. శ్రుతిచేయువాడు వినునది స్వరమును మాత్రమే కాదు, ఈ యలలను. ఒకే స్వరముయొక్క మూడు తీగెలయందును ఇవి పూర్తిగ నణగిపోవువరకు నాతడు ఆగడు.

అంతట పని ముగియునా? ముగియదు. మన సంగీతము నెరిగినవారికి షడ్జ పంచమముల పొత్తు ఎట్టిదో తెలియును. తంబురా శ్రుతిలో పంచమము షడ్జముతో గలిసిపోవును. ఆ విధముగ శుద్ధమైన పంచమముల నొకదానిపై నొకటి పండ్రెండు పేర్చుకొని పోయినచో ఏడు స్థాయిలకు సరిగ చేరవలసియుండగా, స్వల్పముగ మించిపోవును. అర్ధస్వరమును నూరు భాగములు చేసిన, ఆ మించినది సుమారు ఇరువదిమూడున్నర భాగములు. ప్రకృతిలోనే యున్న యీ మిగులును ఏ స్వరముపై మోపవలెను? పండ్రెండు పంచమములకును సమానముగ పంచి, ఒక్కొకదానిని సుమారు రెండు భాగములు తగ్గించుట నేటి పద్ధతి. కాబట్టి పియానోయందు ఏ పంచమమును సంపూర్ణముగ శుద్ధము కాదు. అంతరగాంధారములు శుద్ధస్థానమునకు సుమారు పదునాలుగు భాగములు హెచ్చుగ నుండును. శ్రుతిచేయువాడు నడుమ స్థాయిలోని యొకానొక గాంధారమున సెకనుకు ఇంచుమించు ఏడు విస్పందనములు వినవలెను. ఒక్కొక మెట్టు పైకి పోయినకొలది అవి క్రమముగ త్వరపడవలెను. శుద్ధముగ జేయుటకాదు, అశుద్ధతను సమముగ పంచిపెట్టుట యతని విద్య. తనకు గలిగిన లోపమును ఒక్కరిమీదనే పడవేయక అందరును తలకొంచెము మోయుట మంచి సంసారమునందును గలదు గదా!

ఇంతటి సూక్ష్మమైన పనిని ఈ మనుష్యుడు ఒంటరిగ జేయును. ఇదియే మా వాదమునకు ముఖ్యాధారము. వడ్రంగి చేసిన తలుపు దారిని బోవువారందరికిని కనబడును. వంకరయైనచో పిల్లవాడును చెప్పగలడు. ఉపాధ్యాయుని పనిని పరీక్షాధికారి వచ్చి చూచును. కాని పియానో శ్రుతిచేయువాడు ఒక యింటికి పోవును, గదిలో నొంటరిగ రెండు గంటలు కూర్చుండును, కూలి పుచ్చుకొని వెడలిపోవును. ఇంటివారికి ముందటికంటె బాగుగ నున్నదని తెలియును. ఎంత బాగుగ నుండవలసినదో తెలియదు. మెచ్చుకొనుటకును తప్పు పట్టుటకును శక్తిగలవారు అతని చుట్టు నెవ్వరును లేరు. ఇట్లు ఇరువది యేండ్లు గడచిన తరువాత అతని చెవి యేమగును? అలవాటు పడిన చిన్న తప్పులు తప్పులుగ వినబడుట మానును. దీనికి నీతిలోపము కారణము కాదు. ఏ చెవియైనను తన్ను తానే కొలిచికొనజాలదు.

ఈ విషయము ఇంగ్లండున ఒక శతాబ్దముకంటె ముందే తేటపడినది. లండనునందలి బ్రాడ్‌వుడ్ పియానో కర్మాగారమున ఏ. జె. హిప్కిన్స్ అనునాతడు 1846 ప్రాంతమున అచ్చటి పనివారికి ఈ సమవిభాగ శ్రుతిని బోధించెను. తరువాత అలెగ్జాండరు ఎల్లిస్ అను పండితుడు పేరుపొందిన పనివారలు శ్రుతిచేసిన వాద్యములను కొలిచి, ఆ లెక్కలను 1885లో ప్రకటించెను. అర్ధస్వరమును నూరు భాగములుగ జేసి కొలుచు పద్ధతియు ఆయనదే. మేలైన పనివారి పనియందు సయితము ఉద్దేశించిన స్థానమునకును, నిజముగ నిలిచిన స్థానమునకును భేదము లుండుట ఆ లెక్కలలో కనబడినది. ఆ పనివారు అసమర్థులు కారు. ఆ కాలమున వారిని మించినవారు అరుదు. అయినను బయటివాడొకడు కొలిచి చూపువరకు ఆ భేదము తెలియరాలేదు. బయటి చెవి యావశ్యకమని దీనికంటె వేరు నిదర్శనము కావలయునా?

మహాసభయందు ఆ బయటి చెవి దొరకును. అందు ఉదయము మొదలు సాయంకాలమువరకు వేర్వేరు గదులలో పాఠములు జరుగును. ఒకచోట మూడు తీగెలను ఏకశ్రుతికి తెచ్చుటను గూర్చి; ఒకచోట సుత్తులపైనున్న ఫెల్టును సూదులతో గుచ్చి మెత్తబరచుటను గూర్చి; మరియొకచోట పగిలిన ధ్వనిపలకను మార్చుటను గూర్చి; ఇంకొకచోట పనివాడు తన వినికిడిని కాపాడుకొనుటను గూర్చి బోధింతురు. సుత్తుల సంగతి చిన్నది గాదు. తీగెను కొట్టి కొట్టి ఫెల్టు గట్టిపడి, గాళ్లుపడి, ధ్వని కర్కశమగును. ఎచ్చట గుచ్చవలెనో యెచ్చట గుచ్చరాదో పుస్తకము చెప్పగలదు. ఎంత బలముతో గుచ్చవలెనో మాత్రము చేయి చేతికే చెప్పవలెను. మెట్టు సుమారు పది మిల్లిమీటరులు క్రిందికి దిగవలెను. సుత్తి తీగెకు ఇంచుమించు ఒకటిన్నర మిల్లిమీటరు దూరమున నుండగనే తన్ను తోయుచున్న కొయ్యనుండి విడివడి, స్వేచ్ఛగ తీగెను తాకి వెనుకకు మరలవలెను. ఈ కొలతలను 88 మెట్లకును సమముగ కుదుర్చుటలోనే వాయించువాని వ్రేళ్ల సుఖదుఃఖము లున్నవి.

పాఠములకంటె మిన్నయైనది పరీక్ష. ఆ సంఘమున పూర్ణయోగ్యత గల పనివాడని బిరుదు పొందుటకు మూడు పరీక్షలు గలవు: ఒకటి వ్రాతపరీక్ష, ఒకటి మరమ్మతు పనియందు, ఒకటి శ్రుతిచేయుటయందు. మహాసభయందే కాక తక్కిన సమయములందును వీటిని పెట్టుదురు. మరమ్మతు పరీక్షయందు కాలనియమము కలదు: తెగిన తీగెకు మారుగ క్రొత్తది వేయుట, విరిగిన సుత్తికాడను మార్చుట మొదలగు పనులను గడియారము చూచుచు చేయవలెను. శ్రుతి పరీక్షయొక్క విధానము మరింత విచారింపదగినది. ముందుగ అనుభవజ్ఞులు కొందరు చేరి, ఒకరి మాట నొకరు సరిచూచుకొనుచు, ఒక పియానోను తమ శక్తికొలది శ్రుతిచేసి, ప్రతిస్వరముయొక్క స్థానమును వ్రాసియుంచుదురు. పిమ్మట దానిని బుద్ధిపూర్వకముగ చెడగొట్టుదురు. పరీక్షకు వచ్చినవాడు దానిని మరల శ్రుతిచేయవలెను. అతని పనిని వారు వ్రాసియుంచిన దానితో పోల్చి, భేదమునుబట్టి మార్కులు తగ్గింతురు. తీగె స్థిరముగ నిలిచినదో లేదో చూచుటకై మెట్లను గట్టిగ కొట్టిచూతురు; మేకు నిలువనిచో అప్పుడే శ్రుతి జారును. ఉత్తీర్ణుడగుటకు నూటికి ఎనుబది రావలెను.

ఇందు మాకు మిక్కిలి నచ్చిన యంశమొకటి గలదు. ఇచ్చట ప్రమాణముగ నుంచబడినది ఏ యొక్కరి చెవియు కాదు. పలువురు కూడి యొప్పుకొనిన శ్రుతి. మరియు యంత్రము భేదమున్నదని చూపినచోట అభ్యర్థి సందేహించినయెడల, ఆ భేదము చెవికి వినబడుచున్నదా లేదా యని అతని యెదుటనే సరిచూచు పద్ధతియు గలదు. అనగా పరీక్షకులు సయితము తాము చెప్పినదానిని వినిపించి ఋజువు చేయవలెను. విద్యార్థికి తన తప్పు ఎచ్చటనో చూపకయే మార్కులు తగ్గించు పరీక్షలు లోకమున లేకపోలేదు. అట్టివాటి నడుమ ఈ పద్ధతి ఎంతో న్యాయమైనదని యొప్పుకొనక తప్పదు.

ఇక ఆక్షేపణలను విచారింతము. మొదటిది: నేడు యంత్రములు వచ్చినవి గదా, చెవికి శిక్షణ మేల? శ్రుతిని కంటికి చూపు స్ట్రోబోకాన్ అను యంత్రము అమెరికాలో 1936లోనే అమ్మకమునకు వచ్చెను. ఇప్పుడు జేబులో నిముడు ఫోనుసయితము ఆ పని చేయుచున్నది. ఇవి మేలైన సాధనములే. వాటిని తిరస్కరించుట మా యభిమతము కాదు. కాని పియానో తీగె ఉక్కుతో జేసినది, బిరుసైనది. ఆ బిరుసుతనముచేత దానియందలి పై స్వరములు లెక్కప్రకారము రావలసినదానికంటె కొంచెము హెచ్చుగ వచ్చును. అందువలన తారస్థాయిని కొంచెము సాగదీసియు, మంద్రస్థాయిని కొంచెము దింపియు శ్రుతిచేయుదురు. రైల్స్‌బాక్ అను శాస్త్రజ్ఞుడు 1938లో దీనిని కొలిచి చూపెను. ఈ సాగదీయుట ఒక్కొక వాద్యమునకు ఒక్కొక విధముగ నుండును. చిన్న పియానోకు నొకటి, పెద్దదానికి వేరొకటి. యంత్రము లెక్కవేసి యొక స్థానమును చూపును. అది ఆ వాద్యమునకు అమరినదో లేదో తీర్పు చెప్పువాడు మనుష్యుడే. చెవి లేనివాని చేతిలో యంత్రము గ్రుడ్డివాని చేతిలోని యద్దము వంటిదని కొందరందురు.

ఆ సామెత ఇచ్చట బొత్తిగ సరిపడదు. ఏలయనగా ఈ వృత్తిని ఉన్నతికి తెచ్చినవారిలో చూపులేనివారే అనేకులు. పారిసు నగరమున అంధుల పాఠశాలలో చదివిన క్లోడ్ మోంతాల్, లూయీ బ్రెయిలు కాలమువాడు. చూపులేనివాడు ఇంతటి చిక్కుపనిని చేయజాలడని పెద్దలు తలచుచుండగా, ఆతడు స్వయముగ పియానో పని నేర్చి, తోటివారికి నేర్పి, 1836లో శ్రుతిచేయు విధమును గూర్చి గ్రంథమునే ప్రకటించెను. అప్పటినుండి యూరపు అమెరికా ఖండములందు అనేక అంధపాఠశాలలలో ఈ విద్య జీవనోపాయముగ నేర్పబడినది. అమెరికాలో వాషింగ్టను రాష్ట్రపు వాంకూవరు పట్టణమున, తానును చూపులేనివాడైన ఎమిల్ ఫ్రైస్, 1949లో ఇందుకై ప్రత్యేకముగ నొక పాఠశాలను స్థాపించెను. మోంతాల్ తన విద్యను దాచుకొనియుండినచో ఎందరు బిచ్చమెత్తవలసి వచ్చియుండెడిదో ఆలోచింపుడు.

ఇదియే రెండవ యాక్షేపణకును సమాధానము. తన కిటుకులను తోటి పనివానికి చెప్పుట తన కడుపు తాను కొట్టుకొనుటయే కదా యని అందురు. మన దేశమున ఈ మాటకు బలమెక్కువ. తండ్రి కొడుకునకు తప్ప చెప్పడు. కొడుకు లేనిచో ఆ విద్య తండ్రితోనే కాటికి పోవును. దాచినది మిగులునని మనము తలచెదము. చేతిపనియందు దాచినదే ముందుగ నశించును. అదియు గాక, ఒక యూరిలో మొరటు పని చేయువాడొకడున్నచో నష్టము వానికి మాత్రమే కాదు. శ్రుతి నిలువని పియానోను జనులు వాయించుట మాని మూలకు త్రోయుదురు, పిమ్మట అమ్మివేయుదురు. అప్పుడు మంచి పనివానికిని పని పోవును. తోటివాని పనిని బాగుపరచుట తన పనిని కాపాడుకొనుటయే.

మూడవ యాక్షేపణ: పుస్తకములు లేవా? ఇంటనుండియే చూడదగు చిత్రములు లేవా? ఉన్నవి. విలియం బ్రెయిడ్ వైట్ వ్రాసిన శ్రుతిశాస్త్ర గ్రంథము 1917 మొదలు అనేకులకు గురువై నిలిచినది. కాని ప్రశ్న వేసినపుడు పుస్తకము పలుకదు. చిత్రములో నున్నవాడు మన చేతిని చూడలేడు. మేకును త్రిప్పునపుడు మణికట్టు ఎట్లు వంచవలెనో తప్పుగ పట్టినవానికి, ప్రక్కన కూర్చున్న పెద్ద పనివాడు ఒక్కమారు చేయి సవరించినచో తీరును. అది లేక పదియేండ్లు భుజము నొప్పితో పనిచేయువారు గలరు.

నాలుగవది ధనమును గూర్చినది. ఇది అన్నిటికంటె బరువైనది. రైలు లేక విమానపు ఛార్జీలు, బస, భోజనము, ప్రవేశరుసుము: ఇవన్నియు నొక యెత్తు. ఆ దినములలో పోయిన కూలి మరియొక యెత్తు. ఉద్యోగికి సెలవు దినములకును జీతము వచ్చును. ఏ పూటకాపూట సంపాదించుకొనువానికి రాదు. ఈ కష్టమును తక్కువగ జెప్పుట న్యాయము కాదు. మహాసభలయందు దోషములును గలవు. సరకులమ్మువారి శాలయందు ఆకర్షణ మెక్కువ. కావలసినది నేర్చుకొని పోవుటకు వచ్చి, అక్కరలేనిది కొనుక్కొని పోవువా రుందురు. ఎవరికి సభకు పోవుట మిక్కిలి యవసరమో, ఆ పేద పనివాడే పోజాలకుండుటయు, ఎవరికి అంతగ నక్కర లేదో వారే ఏటేట ముందువరుసలో కూర్చుండుటయు ఏ సభయందైనను చూడవచ్చును. సంవత్సరాంతమున పెద్ద సభ యొకటి జరిపి, తక్కిన పదునొకండు నెలలు నిద్రించిన సంఘమువలన ప్రయోజనము లేదు. ఊరూరి శాఖలు తరచుగ గూడుట మహాసభకు ప్రాణమని మా తలపు. శాఖ లేని మహాసభ వేరు లేని చెట్టు.

అయినను ఖర్చు అను మాట విన్నప్పుడు ఎవరి ఖర్చు అని యడుగవలెను. పని బాగుపడినచో లాభము పొందువారెవరు? వాద్యముగల పాఠశాలలు, దేవాలయములు, కుటుంబములు. మనము వైద్యునికి రుసుము ఇచ్చునపుడు అతడు చదివిన యేండ్లకును కలిపియే యిచ్చుచున్నాము. ఆ మాటకు ఎవ్వరును సణుగరు. శ్రుతిచేయువాని కూలిని మాత్రము గంటలనుబట్టి లెక్కించి, రెండు గంటలకు ఇంత సొమ్మా యని బేరమాడుదుము. అతడు పిడి పట్టిన రెండు గంటలకు వెనుక, పట్టుట నేర్చిన సంవత్సరములు గలవు. ఆ నేర్పు తుప్పుపట్టకుండ నుండుటకు ఏటికి కొన్ని దినములు పాఠము చెప్పించుకొనుట ఆ పనిలో భాగమే. కాబట్టి అతని కూలియందు అతని చదువు వెలయు చేరియుండవలెను.

ఇది మనకు సంబంధించినదా యని మా చదువరు లడుగవచ్చును. పియానో మన దేశమున పుట్టినది కాదు. మన గాలికి పడునదియు కాదు. సముద్రతీరపు తేమకు తీగెలు తుప్పుపట్టును, మెట్లు ఉబ్బి బిగిసికొనును. ఫెల్టును పురుగులు, కొయ్యను చెదలు తినును. అయినను మిషను పాఠశాలలలోను, దేవాలయములలోను ఈ వాద్యములు ఇంకను గలవు. వాటిని బాగుచేయగల చేతులు మాత్రము పెద్ద పట్టణములలోనే, అదియు నరుదుగ దొరకును. పియానోకంటె హార్మోనియము మనకు దగ్గరిది. పందొమ్మిదవ శతాబ్దపు చివరభాగమున కలకత్తాలో ద్వారకానాథ ఘోషు దానిని నేలపై కూర్చుండి చేతితో తిత్తి నూదుచు వాయించుటకు తగినట్లు మార్చిన తరువాత, అది భజన మందిరములకును, నాటకశాలలకును, మన పాఠశాల ప్రార్థనలకును వచ్చెను. దానియందలి ఇత్తడి రీడు కొనను గీకిన శ్రుతి హెచ్చును, మొదట గీకిన తగ్గును. ఒక్క గీత ఎక్కువైనచో ఆ రీడు మరల మొదటి స్థితికి రాదు. ఈ పని చేయువారు మన పట్టణముల సందులలో గలరు. వారిని పరీక్షించి యోగ్యతాపత్ర మిచ్చువారు గాని, ఒకచోట గూర్చువారు గాని లేరు. వారి పిల్లలు ఆ పనిలోనికి వచ్చుటయు తగ్గుచున్నది.

అమెరికావారి వలె గొప్ప సభ చేయుమని మేము చెప్పుట లేదు. ఒక జిల్లాలోని హార్మోనియము, వీణ, మృదంగముల పనివారలను సెలవు దినములలో ఏదేని యొక పాఠశాలకు పిలిచి, రెండు దినములు అన్నము పెట్టి, దారి ఖర్చులిచ్చి, ఒకరి పని నొకరికి చూపించుకొనుడని కోరినచో చాలును. పాఠశాలకు బల్లలు, గదులు కలవు. సెలవులలో అవి యూరక పడియుండును. బాగుచేయవలసిన హార్మోనియములును ఉండనే యున్నవి. అవియే పాఠ్యవస్తువు లగును. మా పాఠశాలాధికారులు ఈ సూచనను ఆలోచింతురుగాక.

తలిదండ్రులకు మా మనవి వేరొకటి. మీ బిడ్డ చెవి చురుకైనదై, చేయి నిదానమైనదై, పెట్టెలు విప్పి మరల బిగించుటయందు ఆసక్తి గలదై యున్నచో, దానిని చెడు అలవాటుగ తలపకుడు. గుమాస్తా పనికి నూరుగురు నిలిచియుండగా, తీగెను సరిగ శ్రుతిచేయగలవానికై నూరు వాద్యములు కాచియున్నవి.

బాలబాలికలారా, మీకు చెప్పవలసినది పియానోను గూర్చి కాదు. మీరు ఏ పని చేసినను, మీకంటె బాగుగ చేయువాని యెదుట కూర్చుండి, మీ పనిని వినిపించి, తప్పెచ్చటనో చెప్పుడని యడుగుట నేర్చుకొనుడు. అది ఆరంభమున సిగ్గుగ నుండును. ఎనుబది మార్కులకు తగ్గిన పనివాడు మహాసభనుండి ఇంటికి పోవునపుడును సిగ్గుపడును; కాని ఏ స్వరమున తప్పినదో తెలిసికొని పోవును, మరుసటి యేడు మరల రావచ్చును. ఎవ్వరికిని వినిపింపనివానికి ఆ సిగ్గును లేదు, ఆ తెలివియు లేదు.